ఆటల రిజిస్టరులో వేలిముద్ర

దయ్యాలూ లేవు, గియ్యాలూ లేవు. చేపల గంప నెత్తిన పెట్టుకుని వల్లకాటి పక్కనుంచి ఒంటరిగా నడిచినదాన్ని, నాకేం భయం? అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

బందరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు మాది. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా పడవ తిరగబడి మా ఆయన పోయాడు. మూడో రోజు ఒడ్డుకు కొట్టుకొచ్చిన శరీరాన్ని ఎడమ చేతి బొటనవేలు చూసే గుర్తుపట్టాను. వలతాడు కోసిన గాటు దాని మీద అడ్డంగా ఉండేది.

మరుసటి ఏడు బెజవాడలో స్కూళ్ల పోటీలు జరిగితే పిల్ల పరుగుపందెంలో ఫస్టు వచ్చింది. పది పాసయ్యాక డ్రిల్లు టీచరు ట్రైనింగుకు వెళ్తానంది. దానికి స్కూలు ఇచ్చే కాండక్టు సర్టిఫికెట్టులో ఆటల గడి నిండి ఉండాలి. వాళ్లేమో ఆ గడిలో అడ్డగీత గీసి ఇచ్చారు.

గంప గేటు దగ్గర దించి ఆఫీసులోకి వెళ్లాను.

"పై ఊరి ఆటలకు పంపాలంటే ఇంటివాళ్లు రిజిస్టరులో ఒప్పుకోవాలమ్మా. నీ వేలిముద్ర లేదు. పిల్ల తనంతట తాను పోయినట్టే," అన్నాడు గుమాస్తా.

"తనంతట తాను పోతే, అది గెలిచిన కప్పు మీ బీరువాలో ఎందుకు పెట్టుకున్నారండీ?"

నిజానికి వేలిముద్ర కోసం నా దగ్గరకు ఎవరూ రాలేదు.

"నిన్న కూడా చూశాను, ఖాళీయే," అంటూ రిజిస్టరు తెరిచి నా వైపు తిప్పాడు. గడిలో వేలిముద్ర ఉంది. నీలం సిరా. మధ్యలో అడ్డంగా తెల్లటి గీత.

"ఎప్పుడు వేశావు ఇది? నీకెవరు తీసిచ్చారు?" అని లేచాడు. ఆ అరుపులకు హెడ్మాస్టరు గారు వచ్చారు. సిరా డబ్బా లాక్కుని ఇద్దరి ఎదుటా ఆ ముద్ర పక్కనే నా వేలు వేశాను. నాదాంట్లో గీత లేదు.

"పిల్లను ఆరో తరగతిలో చేర్చిన పుస్తకం తియ్యండి," అన్నాను.

అందులో మా ఆయన వేసిన ముద్ర ఉంది, అదే గాటుతో. హెడ్మాస్టరు గారు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. రిజిస్టరులో మా ఆయన ముద్రను వేలితో తాకారు. సిరా ఆయన వేలికి అంటింది.

"రాయవయ్యా," అన్నారు గుమాస్తాతో.

రాశాడు. పరుగుపందెం, ప్రథమ స్థానం. మా పిల్ల ఇప్పుడు బడిలో డ్రిల్లు చేయిస్తోంది.

ఎవరో కావాలని చేసి ఉంటారన్నారు కొందరు. ఆ గాటు ఎక్కణ్నుంచి తెచ్చారు మరి? ఆ చేతి మీద మట్టి పోసినదాన్ని నేను. ఎలా జరిగిందో ఇవాళ్టికీ నాకు తెలియదు. దయ్యమని మాత్రం నా ఎదుట ఎవరూ అనకండి. తన పిల్ల కాగితానికి తన వేలు వేసుకున్నాడు, అంతే.