వాల్యూమ్ ఆరు మీద పెట్టు

దయ్యాల కథలు నా జీవితంలో ఒక వంద చెప్పి ఉంటాను. ఒక్కదాన్నీ నమ్మలేదు. ఎలా నమ్ముతాను, అన్నీ నేను అల్లినవే కదా. ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో నీళ్ల ట్యాంకు మీద తెల్లచీర కట్టుకుని ఒకామె కూర్చుంటుందని పుట్టించింది నేనే. రెండేళ్ల తర్వాత అదే కథను ఒకాయన నాకే చెప్పి, "జర జాగ్రత్త భాయ్" అన్నాడు. భయం వేయలేదు. కొంచెం గర్వంగా అనిపించింది.

కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది ఎవరూ నమ్మరని నాకు తెలుసు. మా ఆవిడకి చెబితే మొత్తం విని, "మస్తుగ చెప్పినవ్. ఇగ పోయి పాల ప్యాకెట్ పట్టుకరా" అంది. అయినా రాస్తున్నాను.

అమీర్‌పేటలో నాకు చిన్న షాపు ఉంది. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, ఒక జిరాక్స్ షాపు పైన. పాత ఆడియో క్యాసెట్లు, పెళ్లి వీడియో టేపులు తెస్తే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తాను. టేపు ఎలా పాడవుతుందో, ఎంతవరకు బతికించొచ్చో నాకు బాగా తెలుసు. నా మాటల్లో దేన్ని అనుమానించినా పర్వాలేదు, ఈ పని సంగతి మాత్రం నమ్మండి.

మొన్న వానాకాలం మొదట్లో గ్రేస్ అక్క షాపు మెట్లెక్కి వచ్చింది. గ్రేస్ అక్క అంటే నా చిన్నప్పటి దోస్తు విక్టర్ వాళ్ల అక్క. నర్సుగా చేసి రిటైరైంది, యూసుఫ్‌గూడలో ఉంటుంది. ఎడమ చెవి వినబడక చాలా ఏళ్లైంది. కుడిచెవి వెనక ఇప్పుడు గడ్డ తేలిందట. ఆపరేషన్ చేసి తీసేయాలి, తీస్తే ఆ చెవి కూడా పోతుందని డాక్టర్ ముందే చెప్పేశాడు. బుధవారం ఆపరేషన్. ఆమె నా దగ్గరికి వచ్చింది శుక్రవారం.

బ్యాగులోంచి ఒక క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టింది. "మా విక్టర్ ఫోటోలు ఉన్నయ్ రమేషా. గొంతే లేదు. ఒక్కసారి వినిపియ్యి, చాలు."

విక్టర్ పంతొమ్మిదేళ్లకే కామెర్లతో పోయాడు. అప్పుడు వాళ్లు పంజాగుట్టలో ఉండేవాళ్లు. అక్క నర్సింగ్ హాస్టల్లో ఉంది. ఆఖరి నాలుగు నెలలు తమ్ముడి గొంతు వినలేదు. కబురు అంది వచ్చేసరికి అంతా అయిపోయింది.

క్యాసెట్‌లో విక్టర్ గొంతు ఎందుకుందో చెప్పాలి. వాళ్ల మామ గల్ఫ్ నుంచి ఒక చిన్న కంప్యూటర్ తెచ్చాడు. చూడ్డానికి ఉత్త కీబోర్డు. దాన్ని టీవీకి తగిలిస్తే ఆటలు ఆడుకోవచ్చు. ఆట క్యాసెట్‌లో ఉండేది. టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్‌కి వైరు గుచ్చి, ప్లే నొక్కితే టీవీ అంచుల్లో రంగు గీతలు పరుగెత్తేవి. ఐదారు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. వాల్యూమ్ కాస్త ఎక్కువైనా, తక్కువైనా ఆఖర్లో ఎర్రర్ వచ్చేది. కరెంటు పోతే ఆట పోయేది. మళ్లీ మొదటి నుంచి.

ఒక్కో క్యాసెట్‌లో ఏడెనిమిది ఆటలు ఉండేవి. ఏది ఎక్కడుందో తెలియాలి కదా. అందుకని విక్టర్ ప్రతి ఆట ముందూ దాని పేరు తన గొంతుతో చెప్పి రికార్డు చేసేవాడు. "గుహ ఆట. కౌంటర్ నలభై రెండు." కౌంటర్ అంటే టేపు ఎంత తిరిగిందో చూపే అంకెలు. మాట అయ్యాక కొన్ని సెకన్లు ఖాళీ. ఆ ఖాళీలో మేం వైరు గుచ్చేవాళ్లం. ఎందుకంటే వైరు గుచ్చితే స్పీకర్ ఆగిపోతుంది, పేరు వినబడదు. పేరు విన్నాక గుచ్చాలి, ఆటకు సంబంధించిన కీచు అరుపు మొదలయ్యేలోపు గుచ్చాలి. ఆ గుచ్చే పనికి మేమిద్దరం కొట్టుకునేవాళ్లం.

అక్క వెళ్లాక క్యాసెట్ తెరిచాను. బూజు పట్టి ఉంది. జాగ్రత్తగా తుడిచి, కొత్త డబ్బాలోకి మార్చి, మంచి క్యాసెట్ డెక్‌లో పెట్టాను. రెండు వైపులా మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఏమీ లేదు. ఉత్త హిస్సు, ఖాళీ టేపు తిరిగే చప్పుడు. తెర మీద గీత మొదటి నుంచి చివరి దాకా చదునుగా ఉంది. ఆటల శబ్దమే వేరు, చెవిటివాడు కూడా గీత చూసి పట్టేస్తాడు. అలాంటిదేమీ లేదు. ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. "ఏం లేదక్కా" అని ఫోన్ చేయడానికి రెండుసార్లు ఫోన్ తీశాను. చేయలేకపోయాను. నాకు మిమిక్రీ వచ్చు. చదువుకునే రోజుల్లో విక్టర్ గొంతు చేస్తే వాళ్లమ్మ వంటింట్లోంచి "ఏందిరా" అని పలికేది. శనివారం షాపు షట్టర్ సగం దించి, అదే క్యాసెట్ మొదట్లో నేనే మాట్లాడి రికార్డు చేశాను. "విక్టర్ మాట్లాడుతున్న. గుహ ఆట. కౌంటర్ సున్నా నుంచి." పదకొండు సెకన్లు. మిగతాది చెడిపోయిందని చెబుదాం అనుకున్నాను. ఆమె గొంతు విన్నట్టు ఉంటుంది, నేను కాపాడినట్టు ఉంటుంది.

ఆదివారం చర్చి అయ్యాక మూడింటికి ఇంటికి రమ్మంది. వెళ్లేసరికి పాత టేప్‌రికార్డర్ బల్ల మీద ఉంది. పక్కన ఆ కంప్యూటర్. అక్క ఇన్నేళ్లూ దాన్ని వాళ్లమ్మ చీర ముక్కలో చుట్టి దాచిందట. నాతో షాపులో ఉన్న పాత పోర్టబుల్ టీవీ తెప్పించింది. "అప్పుడు ఎట్ల చేసిండ్రో అట్లనే చెయ్యి" అంది.

కంప్యూటర్ వెలుగుతుందని అనుకోలేదు. వెలిగింది. లోడ్ అని టైపు చేసి ఉంచాను. వైరు బయటే ఉంచాను. కుడిచెవికి బాగా వినబడాలని వాల్యూమ్ ఎనిమిది మీద పెట్టాను. ఫోన్‌లో రికార్డు చేద్దామా అనిపించింది. నా దొంగపనికి నేనే సాక్ష్యం ఎందుకు అనుకుని జేబులోనే ఉంచాను. ఆ పని చేయనందుకు ఇవాళ్టికీ చెంపలు వేసుకుంటున్నాను.

ప్లే నొక్కాను. అక్క స్పీకర్‌కి చెవి ఆనించి కళ్లు మూసుకుంది. నా గొంతు వచ్చింది. పదకొండు సెకన్లు. ఆమె ముఖం కదల్లేదు. ఏడుస్తుంది అనుకున్నాను, ఏడవలేదు.

ఇక అయిపోయిందని స్టాప్ మీదకి వేలు పోనిచ్చాను. అక్క కళ్లు తెరవకుండానే నా మణికట్టు పట్టుకుంది.

"ఉండు."

హిస్సు. పది సెకన్లు, ఇరవై. కింద రోడ్డు మీద ఆటోల హారన్లు తప్ప ఏమీ లేదు. అబద్ధం బయటపడే క్షణం ఎలా ఉంటుందో నాకు అలవాటే.

అప్పుడు టేపులోంచి ఇంకో గొంతు వచ్చింది. గట్టిగా లేదు. పక్కన ఎవరైనా నిద్రపోతుంటే మాట్లాడినట్టు.

"అక్కా, వాల్యూమ్ ఆరు మీద పెట్టు. ఎనిమిది మీద లోడ్ కాదు. ఆ... ఇప్పుడు వైరు గుచ్చు."

నేను కదల్లేదు. కదల్లేకపోయాను అనాలి. అక్క లేచి వాల్యూమ్ తిప్పింది, వైరు తీసుకుని గుచ్చింది. ఆమె ఆ ఆటలు ఎప్పుడూ ఆడలేదు. ఏ వైరు ఎక్కడ గుచ్చాలో నేను చెప్పలేదు.

టీవీ అంచుల్లో గీతలు మొదలయ్యాయి. ఎర్రగా, నీలంగా. ఐదారు నిమిషాలూ ఇద్దరం తెర ముందే కూర్చున్నాం. కరెంటు పోకూడదు, పోకూడదు అని నేను లోపల అనుకుంటూనే ఉన్నాను. దేనికి అంత భయపడ్డానో తెలియదు. ఆట లోడ్ కాకపోతే బాధా, అయితే భయమా, రెండూ ఒకేసారి.

గీతలు ఆగాయి. తెర నల్లబడి, ఇంగ్లీషు అక్షరాల్లో మూడు లైన్లు వచ్చాయి. గ్రేస్ అక్క ముందు. రమేష్ తర్వాత. రమేష్ మధ్యలో ముట్టుకోవద్దు.

విక్టర్‌కి ఆ అలవాటు ఉండేది. పత్రికల్లో చూసి ఆటలు టైపు చేసేవాడు, మా పేర్లు ఇరికించేవాడు. అది నిజమే. కానీ ఈ మూడు లైన్లతో మొదలయ్యే ఆట నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత గుహ వచ్చింది. చుక్కల్లాంటి గబ్బిలాలు, అగ్గిపుల్లంత మనిషి. అక్క రెండు వేళ్లతో మీటలు నొక్కుతూ ఆడింది. ఆ మనిషి చచ్చిపోయిన ప్రతిసారీ "అరే" అంది, మళ్లీ మొదలుపెట్టింది. నా వంతు వచ్చినప్పుడు ఆడమంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

ఆపేస్తే ఆట పోతుందని ఆమెకి చెప్పాను. అందుకని ఆపనివ్వలేదు. ఎవరైనా చెయ్యి పెడతారేమోనని స్విచ్ మీద ప్లాస్టర్ అంటించింది. నర్సు కదా, ఇంట్లో ప్లాస్టర్‌కి కొదవలేదు.

సోమవారం మధ్యాహ్నం ఫోన్. "వాసనొస్తుంది రమేషా, జల్ది రా." వెళ్లి చూస్తే అడాప్టర్ ఇస్త్రీపెట్టెలా కాలిపోతోంది. ఇంకో గంట ఉంటే అంటుకునేది. తీసేయాలి అన్నాను. అక్క తెర ముందు కూర్చుని ఏదో ప్రార్థన చేసుకుంది, నాకు వినబడలేదు. తనే ప్లాస్టర్ పీకి, స్విచ్ ఆపింది.

"క్యాసెట్ తీస్కపోయి పెన్‌డ్రైవ్‌ల వెయ్యి" అంది. "నాకు వినవడకున్నా సరే. ఉండాలె."

ఆ టేప్‌రికార్డర్ కూడా తీసుకుని షాపుకి వచ్చాను. రివైండ్ చేసి పెట్టాను. నా గొంతు పదకొండు సెకన్లు. తర్వాత హిస్సు. చివరి దాకా హిస్సు. నా డెక్‌లోనూ అంతే.

అనుకోదగ్గవన్నీ అనుకున్నాను. నా డెక్‌లో టేపును చదివే హెడ్ వంకరగా ఉండి మొదట పట్టుకోలేదేమో అంటే, మరి అదే పాత రికార్డర్‌లో ఇప్పుడెందుకు రాదు? పాత టేపు ఒక్కసారి పాడగానే దాని మీది మందు, అంటే శబ్దం నిలిచే పూత, రాలిపోతుంది, అది నేను చాలాసార్లు చూశాను. రాలితే హెడ్ మీద గోధుమరంగు పొడి ఉండాలి. స్పిరిట్‌లో దూది ముంచి తుడిచాను. దూది తెల్లగానే వచ్చింది. అన్నిటికంటే, వాల్యూమ్ ఎనిమిది మీద ఉందని ఆ టేపుకి ఎవరు చెప్పారు?

ఆపరేషన్ అయిన మూడో రోజు పంజాగుట్టలో ఆసుపత్రికి వెళ్లాను. తల చుట్టూ కట్టు. నేను పలకరిస్తే నా పెదవులు చూసి నవ్వింది. చెయ్యి చాపింది, పెన్‌డ్రైవ్ ఇవ్వమని. నేను తల అడ్డంగా ఊపాను.

పక్కనున్న నోటుబుక్ తీసి రాసింది. "మొదట మాట్లాడింది నువ్వు. విక్టర్ తన పేరు ఎన్నడూ చెప్పుకోలే. పోయిన కాడల్లా పేరు చెప్పుకునే అలవాటు నీదే."

పెన్ను తీసుకుని క్షమించమని రాయబోయాను. ఆమె నోటుబుక్ వెనక్కి లాక్కుని కింద ఇంకో లైను రాసింది.

"రెండోది ఎవరు?"

అది కూడా నేనే అనొచ్చు. అంటే ఒక మోసంగా ముగిసిపోయేది, నాక్కూడా నిద్ర పట్టేది. విక్టరే అనొచ్చు. ఆమెకి కావాల్సిన మాట అది. రెండూ రాయలేదు. చివరికి "తెల్వదు అక్కా" అని రాశాను.

ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసింది, రోగి అబద్ధం చెబుతున్నాడా లేదా అని నర్సులు చూసినట్టు. తర్వాత నా చేతిలోంచి పెన్ను తీసుకుని, నేను రాసిన ఆ రెండు మాటల కింద గీత గీసి, పక్కన రాసింది.

"ఈసారి నమ్మిన."