కదలకుండా పట్టుకున్న హారం

ప్రొద్దుటూరులో మాది నగల అంగడి. మొదట్లో పులివెందుల వాళ్లకు వీడియో కాల్‌లో నగలు చూపిస్తుంటే, నెట్టు సరిగా రాక, నగ కాస్త కదిలినా బొమ్మ ముక్కలు ముక్కలయ్యేది. అందుకని నాన్న ఊపిరి బిగబట్టి హారాన్ని పట్టుకునేవాడు. ఫోన్ పట్టుకున్న నేను దగ్గినా కసిరేవాడు.

మొన్న కూడా అలాగే బిగుసుకుని నిలబడ్డాడు. అవతల పెళ్లికూతురి మేనత్త విసుక్కుంది.

"ఏందప్పా, బొమ్మ నిలిచిపాయ! మీకాడ నెట్టు రాలేదా?"

"శానా బాగా వస్తాందమ్మా. నేనే కదల్లేదు," అన్నాడు నాన్న.

"అయితే రోంత ఊపప్పా, చూస్తాం."

నాన్న భయంభయంగా హారాన్ని ఊపాడు. ఫోన్‌లో, మేనత్త వెనక నిలబడిన పెళ్లికూతురి కళ్లు దాంతోపాటే అటూ ఇటూ తిరిగాయి. చాలప్పా అని మేనత్త నవ్వినా, నాన్న ఆ కళ్లనే చూస్తూ ఊపుతూనే ఉన్నాడు.