సొన ఆరిన కొమ్మ

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు మా మావయ్యగారు నూజివీడు చివర, ముసునూరు వెళ్ళే దారిలో కొత్త ఇల్లు కట్టించారు. మాది మామిడికాయల వ్యాపారం. ఇంటి వెనక కాయలు మాగవేసే పాక, బళ్ళు ఆగే జాగా ఉండేవి. ముందు మాత్రం గేటు దాకా ఎర్రనేల బోసిగా పడి ఉండేది. నేను గుడివాడ దగ్గర కాలవ గట్టున పుట్టిన దాన్ని. అక్కడ విరిచి పారేసిన కొమ్మ కూడా వేరు పోసుకునేది. కాపరానికి వచ్చి మూడేళ్ళయినా పూలమొక్క లేని వాకిలి నాకు అలవాటు కాలేదు. ఒకరోజు మావయ్యగారికి వడ్డిస్తూ ధైర్యం చేసి అడిగాను.

"ముందు జాగాలో నాలుగు చెట్లు వేసుకుంటానండీ."

"ఏం చెట్లమ్మా?"

"సంపెంగ, గులాబీలు, క్రోటన్లు..."

"అవేం కాస్తాయి?"

వేళాకోళానికి అడగలేదాయన. పూత చూసి ఏ చెట్టుకి ఎన్ని బుట్టలు దిగుతాయో చెప్పగల మనిషి. కాయని చెట్టు వైపు తలెత్తి చూడాల్సిన అవసరం ఆయనకి ఎన్నడూ రాలేదు.

"కాయవండీ. పూస్తాయి."

"పూసి?"

"పూస్తాయంతే."

ఆయన నవ్వి మజ్జిగ పోయమన్నారు. "సరే, ఆ జాగా నీది. నీళ్ళు మాత్రం నువ్వే చూసుకోవాలి" అన్నారు.

శివరాత్రికి పుట్టింటికి వెళ్ళి, వచ్చేటప్పుడు బస్సు మీద వేయించుకుని పదకొండు మొక్కలు తెచ్చుకున్నాను. ఏది ఎంత పెరుగుతుందో, ఏ నేల అడుగుతుందో ఆలోచించలేదు. అందంగా ఉన్నవన్నీ తెచ్చి వరసగా పాతేశాను. రోజూ రెండు పూటలా బావిలో నీళ్ళు చేది పోశాను. రోహిణి కార్తె వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. మావయ్యగారు ఆ ఎండుపుల్లల పక్క నుంచే వస్తూ పోతూ ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండునని నాకు అనిపించేది.

మా పాకలో కాయలు ఏరటానికి వచ్చే ఆడవాళ్ళలో యాభై ఏళ్ళ మనిషి ఒకావిడ ఉండేది. తోటల్లోనే పుట్టి పెరిగింది. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. నేను పుల్లలు పీకి గేటు బయట పారేస్తుంటే ఆవిడ దగ్గరికొచ్చి నిలబడింది.

"ఇయ్యి మీ ఊరి చెట్లమ్మగారూ. మీ ఊరి నీళ్ళే అడుగుతాయి."

"మరి ఇక్కడేం బతుకుతాయి పెద్దమ్మా?"

"తోటలకి పోయే దారిలో ఎవురూ నీళ్ళు పొయ్యకుండా పూసేయి లేవా? ఓసారి బండెక్కి చూసి రండి."

మర్నాడు మా ఆయన తోటకి వెళ్తుంటే నేనూ బండెక్కాను. ఎన్నిసార్లు వెళ్ళినా ఆ దారిలో మామిడి తప్ప ఇంకేమీ చూడలేదని అప్పుడు తెలిసింది. చేలగట్టు మీద రేలచెట్టు ఒక్క ఆకు లేకుండా నిలువెల్లా పసుపు పూసి ఉంది. పాడుపడిన సత్రం పక్కన దేవగన్నేరు, దాని మొదట్లో రాళ్ళ సందుల్లో బిళ్ళగన్నేరు. కంచె పొడుగునా ముళ్ళగోరింట. ఏది ఎక్కడ ఉందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఇంటికి వచ్చాను.

తొలకరి పడగానే సత్రం దగ్గర దేవగన్నేరు కొమ్మ కోయించుకొచ్చి ఆ సాయంత్రమే పాతాను. చీరంతా పాలమరకలు. పదిహేను రోజులకి కొమ్మ మొదలు మెత్తబడి కుళ్ళింది. ఇంకో కొమ్మ తెప్పించాను. అదీ అంతే. ఆ రెండోదాన్ని మావయ్యగారే పీకి, మొదలు నొక్కి వాసన చూశారు.

"కోసిన రోజే పాతావా అమ్మాయ్?"

"అవునండీ. వాడిపోతుందేమోనని."

"కాయ కోశాక ఏం చేస్తాం? తొడిమ దగ్గర సొన కారి ఆరకుండానే గడ్డిలో పెడతామా? పెడితే మచ్చపడి కుళ్ళుతుంది. ఇదీ పాలు కారే చెట్టే. తడి ఆరకుండా మట్టిలో పెడితే ఊరుకుంటుందా?"

మర్నాడు తోట నుంచి వస్తూ ఆయనే స్వయంగా కొమ్మ తెచ్చి పాకలో నీడన గోడకి చేరేశారు. పది రోజులు ఎవరూ ముట్టుకోకూడదన్నారు. బెరడు ముడతలు పడుతుంటే నాకు బెంగగా ఉండేది. పదకొండో రోజున ఇసుక కలిపిన మట్టిని మిట్టగా పోసి అందులో నిలబెట్టాం. దసరా ముందు ఒక పొద్దున్నే, "అమ్మాయ్, ఇటు రా" అని పెద్దగా కేక వినిపించింది. ఏమైందోనని చేతిలో పిండితోనే పరిగెత్తాను. కొమ్మ చివర గోరంత పచ్చటి చిగురు. ఇంకో ఇల్లు కట్టించినంత సంతోషం ఆయన మొహంలో.

ఆ తరవాత ముందు జాగా నా ఒక్కదానిదే కాకుండా పోయింది. పెద్దమ్మ రేలకాయ తెచ్చి, గింజల్ని గరుకురాయి మీద అరగదీసి కుండలో వేసింది. పైపెంకు అరక్కపోతే ఏడాదైనా మొలవవట. నాలుగు మొలిచాయి. మరుసటి వానలకి వాటిలో బలమైన దాన్ని ఎక్కడ నాటాలన్న దగ్గర నాకూ మావయ్యగారికీ కుదర్లేదు. గేటు పక్కన అందంగా ఉంటుందని నేను. పదేళ్ళకి కొమ్మలు బళ్ళకి తగులుతాయని ఆయన. చివరికి ఆయన లోపల్నుంచి పెద్ద నల్ల గొడుగు తెచ్చి విప్పి పట్టుకున్నారు.

"ఇదే చెట్టనుకో. వంటింటి కిటికీ దగ్గరికెళ్ళి చూడు."

నేను కిటికీలోంచి "కొంచెం ఎడంగా జరగండీ" అంటుంటే ఆయన మిట్టమధ్యాహ్నం వాకిలంతా అడుగులు వేస్తూ తిరిగారు. దారిన పోయే బండి మనిషి ఆగాడు.

"షావుకారు గారూ, ఎండలో అట్టా నిలబడ్డారేంటండీ?"

"మా కోడలు నన్ను పాతుతోందిరా" అన్నారాయన.

కిటికీ పట్టుకుని నవ్వాను. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో అంత గట్టిగా నవ్వటం అదే మొదలు. గొడుగు నాకు నిండుగా కనబడిన చోటే గొయ్యి తీశాం.

రెండేళ్ళలో వాకిలి రూపు మారింది. స్నానాల నీళ్ళు పారే చోట మెట్టతామర వేస్తే అది ఏడాది పొడుగునా ఎర్రగా పూసేది. నడిచే దారికి అటూ ఇటూ నూరువరహాలు. నీడ పట్టున నందివర్ధనం. మందారాన్ని మాత్రం బండి ఎద్దు రెండుసార్లు మేసేసింది, ఇక నేను దాని జోలికి పోలేదు. దేవగన్నేరు రెండో వేసవికే పూసింది. కాయలు ఏరే ఆడవాళ్ళు పాకలో ఉక్కగా ఉందని అన్నం మూటలు తెచ్చుకుని ముందు వాకిట్లోనే కూచునేవాళ్ళు. నేనూ మజ్జిగ చెంబు పట్టుకుని వాళ్ళ మధ్య చతికిలబడేదాన్ని.

రేలచెట్టు పూయటానికి ఏడేళ్ళు పట్టింది. మామిడికోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఒక్కసారిగా గుత్తులు దిగాయి. ఏలూరు నుంచి వచ్చిన కాయల బేరగాణ్ణి మావయ్యగారు పాకలోకి తీసుకెళ్ళకుండా దాని కింద కుర్చీ వేసి కూచోబెట్టారు. అతను భుజం మీద పూలు రాలుతుంటే దులుపుకుంటూ, "ఎక్కణ్ణుంచి తెప్పించారండీ ఈ చెట్టు?" అని అడిగాడు.

"దారిలోదేనండీ. మీరొచ్చిన దారిలోదే" అన్నారు మావయ్యగారు. అని లోపలికి తిరిగి, "అమ్మాయ్, రెండు కాఫీలు" అని కేకేశారు.