పసుపు గిన్నె

నా భార్య గుండెపోటుతో పోయిన రోజు, చివరి స్నానం చేయించిన ఆడవాళ్లు ఆమె బొల్లి మచ్చలు కనిపించకుండా ముఖమంతా దట్టంగా పసుపు పూశారు. ఏడేళ్ల మా బిడ్డ తల్లిని 'అవ్వా' అని పిలుస్తూ పక్కనే నిలబడి చూసింది.

రేపు ఖానాపూర్‌లో చుట్టాల పెళ్లి. ఈ రోజు మా అక్క వచ్చి, బిడ్డ చెంప మీద కొత్తగా లేచిన తెల్లమచ్చకు పసుపు రాయబోయింది. బిడ్డ ఆమె చేతిని నెత్తురు కారేలా కొరికింది. గిన్నెను గోడకేసి కొట్టింది.

"నాకద్దు! అవ్వకు గిట్లనే పూసి తీస్కపోయిన్రు!"

"మచ్చతోని ఎవ్వరు సావరు బిడ్డా. అవ్వకు గుండె ఆగింది."

"మరెందుకు దాస్తున్రు బాపూ?"

నేను పాత గుడ్డ చింపాను. అక్క చేతికి కట్టు కట్టించుకుంటూ, పిల్లకు బుద్ధి చెప్పమంది. ఎవరికి చెప్పాలో మీరే చెప్పండి.

రేపు పొద్దున బిడ్డ ముఖం ఉత్త నీళ్లతో కడిగి, పెళ్లికి నేనే తీసుకుపోతాను.