షఫీ కార్డు మీద పీర్ సాహెబ్

ఆత్మకూరు కోర్టు ఎదురుగా జిరాక్సు షాపులో అర్జీలు టైపు చేసి పొట్ట పోసుకుంటున్నాను నేను. పదహారేళ్ళుగా పొలం గట్లు, విడాకులు, చెల్లని చెక్కులు అన్నీ నా చేతి మీదుగానే పోయాయి. కానీ తన పేరు కోసం అంతగా తపించిన మనిషిని ఒక్కడినే చూశాను.

ఆయన ఉదయగిరి పీర్ సాహెబ్. వయసు యాభై మూడు, చూస్తే డెబ్బై అంటారు. బస్సు దిగి మా షాపు దాకా నాలుగడుగులు వేయడానికి మూడుచోట్ల కూర్చుంటాడు. వాళ్ళది చెక్క గరిటెలు చెక్కే ఇల్లు. ఆ వేళ్ళు ఇప్పటికీ ఊరికే ఉండవు. మాట్లాడుతూనే నా పెన్సిలు తీసుకుని గోటితో గీకుతుంటాడు. “నా పెన్సిళ్ళను గరిటెలు చెయ్యబాకు మామా” అంటే నవ్వబోయి దగ్గుతాడు.

ఆయన అన్న షఫీ ఇరవై ఏళ్ళప్పుడు దూరాన ఒక సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో చేరాడు. రెండేళ్ళకు పెళ్ళికని ఊరికి వచ్చి, ఇక పోనని మొండికేశాడు. చేతిలో ఉన్న కొలువు పోగొట్టుకోవడం ఎందుకని ఇంట్లోవాళ్ళు షఫీ ఫ్యాక్టరీ కార్డునే పీర్ సాహెబ్ జేబులో పెట్టి పంపారు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే పోలిక. సూపర్‌వైజరుకు బలమైన భుజాలుంటే చాలు. అలా పంతొమ్మిదేళ్ళు ఆయన షఫీగా బతికాడు. హాజరు పట్టీలో షఫీ, క్యాంటీన్లో కూడా షఫీ. ఆస్బెస్టాస్ అనే రాతినార సంచులను బ్లేడుతో కోసి మిక్సరులో గుమ్మరించడం ఆయన పని. ఆ నార దూదిలా మెత్తగా గాల్లో లేచేదట. మూతికి తువ్వాలు కట్టుకునేవాడట. తువ్వాలు! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఊరికి తిరిగొచ్చాక దగ్గు మొదలైంది. రెండుసార్లు టీబీ మందులు మింగించారు. చివరికి నెల్లూరులో ఒక డాక్టరు “ఏం పని చేసేవాడివయ్యా?” అని అడిగాడు. అన్నేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. రాతినార పొడి వల్ల ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని, ఇది నయమయ్యేది కాదని కాగితం మీద రాసిచ్చాడు.

ఉచిత న్యాయసహాయం చేసే లాయరు శ్వేత ఆ కాగితం చూసింది. “ఈ జబ్బు చట్టంలో ఉండాది మామా. నష్టపరిహారం కోసం కార్మిక శాఖలో అర్జీ వేద్దాం. ఆలస్యానికి కారణం రాద్దాం. అయితే ఆడ పని చేసింది నువ్వేనని తేలాల.”

కార్డు మీదేమో షఫీ. కోర్టు చుట్టూ తిరిగే ఒక బ్రోకరు మా షాపులోనే సలహా ఇచ్చాడు. “దీంట్లో ఏముండాది? షఫీ పేరుతోనే వెయ్యి. అన్నేళ్ళు షఫీగా ఉన్నోడివి, ఇంకో ఏడాది ఉండలేవా?”

పీర్ సాహెబ్ పెన్సిలు కింద పెట్టాడు. “వద్దు నాయనా. ఆడ చచ్చిపోతే షఫీ చచ్చినాడని ఊరికి కబురు పోతాదని రోజూ భయపడినాను. ఇంక నా పేరుతోనే పోతాను.”

అలాగైతే షఫీ వచ్చి నిజం చెప్పాలి. ఉదయగిరిలో ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒకే గోడ. అయినా డాక్టరు కాగితం వచ్చిన రోజు నుంచి షఫీ తమ్ముడి ముఖం చూడలేదు. “నాకు రావలసిన జబ్బు వాడు మోస్తుండాడు” అని పెళ్ళాం దగ్గర ఏడ్చాడట. మోసం చేశావని జైల్లో వేస్తారేమోనన్న భయం కూడా ఉంది.

“గోడ అవతల మా అన్న గరిటెలకు ఆకురాయి రుద్దతా ఉంటే వినపడతాది సుకన్యమ్మా” అన్నాడు పీర్ సాహెబ్ నాతో ఒకరోజు. “ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్ళూ ఆ చప్పుడు కోసమే అల్లాడినాను. ఇప్పుడు వినపడతా ఉండాది, పోయి పక్కన కూర్చోలేను. ఆ చెక్క పొట్టు లోపలికి పోతే ఊపిరాడదు. అన్న రమ్మంటే మాత్రం పోతాను.”

శ్వేత రెండుసార్లు ఉదయగిరి వెళ్ళి షఫీతో మాట్లాడింది. మొన్న సోమవారం ఆయన వచ్చాడు. అన్నదమ్ములు మా బెంచీకి చెరో చివర కూర్చున్నారు. “జైలుకు పంపితే పోతాను లాయరమ్మా, రాసుకోండి” అన్నాడు షఫీ. టైపు చేసి పైకి చదివాను.

“షఫీ అను నేను ప్రమాణపూర్వకముగా తెలియజేయునది ఏమనగా, నా పేరు మీద సదరు ఫ్యాక్టరీలో పంతొమ్మిది సంవత్సరాలు పని చేసినది నేను కాదు. నా తమ్ముడు పీర్ సాహెబ్.”

షఫీ సంతకం పెట్టాడు. పీర్ సాహెబ్ నా వైపు చూశాడు. “ఆ చివరి మాట ఇంకోసారి చదవమ్మా.”

చదివాను. మళ్ళీ చదవమన్నాడు. ఈసారి నేను చదివేలోపే షఫీ బెంచీ మీద తమ్ముడి పక్కకు జరిగి, కాగితం అందుకుని, కూడబలుక్కుంటూ చదివాడు.

“నా తమ్ముడు... పీర్ సాహెబ్.”