పాయ అవతల పీతలు

రొయ్యల షెడ్డులో తలలు తీసీ తీసీ నా వేళ్ళ సందులు ఒరిసిపోయాయి. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పొద్దస్తమానం నిలబడాలి. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటే కారం మండి ఏడుపొచ్చేది. అందుకే పీతల పెంపకం నేర్పుతామని మా పేటకు మనుషులు వచ్చినప్పుడు ముందు వరసలో కూర్చున్నాను. చిప్ప విడిచిన పీత లోపల గుల్లగా ఉంటుంది, ఎవరూ కొనరు. దాన్ని చిల్లుల పెట్టెలో వేసి, నీళ్ళలో తేలగట్టి, చిన్నచేపలు మేపితే కండ పడుతుంది. సముద్రాన్ని ఊడ్చేయకుండా బతకొచ్చు అన్నారు వాళ్ళు. షెడ్డుకు వెళ్ళకుండా బతకొచ్చు అనుకున్నాను నేను.

పెట్టెలు గోదావరి పాయకు అవతల, మడచెట్ల పక్కన కట్టాను. అప్పుడు వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మా మరిది అడిగినప్పుడల్లా నన్ను దింపేవాడు. వేట మొదలయ్యాక ఎలాగన్నది నాకూ తట్టలేదు, వాడికీ తట్టలేదు. మా వాళ్ళలో వేటకు బయలుదేరే పడవను నాలా మొగుడు పోయినది ముట్టుకోకూడదు. ఖాళీగా ఉన్న పడవకు ఆ పట్టింపు లేదు మరి.

నిషేధం తీరిన రోజు పొద్దున్నే వెళ్ళి చూద్దును కదా, పాయ నురగ కట్టి కంపు కొడుతోంది. ఎగువన చెరువుల్లో రొయ్యలు పట్టేసి, మురుగు నీళ్ళు వదిలేశారు. పెట్టెలు విప్పి, పాయ సముద్రంలో కలిసే మొగ వైపు మంచి నీళ్ళలోకి లాక్కుపోకపోతే పీతలన్నీ చస్తాయి. మరిది పడవకు పసుపు రాసి కొబ్బరికాయ కొట్టబోతున్నాడు.

"అబ్బాయ్, నన్ను అవతలకి దింపు," అన్నాను.

"వల తడవనీ వొదినా. వచ్చాక దింపుతాను."

"నువ్వొచ్చేసరికి అవి పులుసుక్కూడా పనికిరావు."

తోడికోడలు పసుపు చేత్తోనే నా భుజం పట్టుకుంది. "ఎదురుగా నుంచోకక్కా. ఇంట్లోకి రా, టీ పెడతాను."

"ఆ టీ ఏదో పీతలకి పొయ్యవే."

మరిది నవ్వబోయి ఆగాడు. నీళ్ళ వైపు చూశాడు. "ఎక్కొదినా," అన్నాడు, మొహం పక్కకు తిప్పుకుని. నేను కొంగు తల మీదకు లాక్కుని, దొంగసరుకులా పడవ అడుగున ముడుచుకుని కూర్చున్నాను. పెట్టెలు లాగి అవతలి ఒడ్డునే మొగ దగ్గర కట్టేసరికి కొన్ని పీతలు చచ్చాయి. మిగిలినవి డెక్కలు ఆడించాయి. నా ప్రాణం కుదుటపడింది.

నన్ను ఇటు దింపి మరిది వేటకెళ్ళాడు. ఆ సాయంత్రం వలలో పడింది గుప్పెడు చిన్నచేపలు, బోలెడు ప్లాస్టిక్ సంచులు. ఏళ్ళ తరబడి పడుతున్నది అదే. కానీ అప్పుడు పడవలో నేను లేను కదా.

మర్నాడు మేత బకెట్టు పట్టుకుని వెళ్తే పడవ లేదు. ఆ మర్నాడూ అంతే. మిగతా పడవల వాళ్ళు నన్ను చూసి తాళ్ళు సర్దుకోవడంలో పడ్డారు.

"ఆయన నిన్నేమీ అన్లేదక్కా," అంది తోడికోడలు. "పిల్లలున్నోళ్ళం. నువ్వే అర్థం చేసుకో."

"పెట్టెలు తెప్పించి ఇటు కట్టుకుంటాలే."

"చెరువుల నీళ్ళు దిగేది ఇటేగా."

నిజమే. అటు కడితే పడవ లేదు. ఇటు కడితే మంచి నీళ్ళు లేవు. అక్కడ మేత లేక పీతలు మళ్ళీ గుల్లవుతూ ఉంటాయి.

బకెట్లో చేపలు వాసన వేస్తుంటే పాయలో ఒంపేశాను. రోడ్డు మీద షెడ్డు వ్యాను హారన్ కొట్టింది. లోపల ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు.

"ఎక్కు పిన్నీ. చెరువులు పట్టారుగా, ఇవాళ సరుకు బాగా వచ్చిందంట."

ఎక్కాను. ఎక్కొద్దని ఎవరూ అనలేదు.