థైరమ్ పొడి, రెండు గ్లాసుల కల్లు

ఆ మధ్యాహ్నం నా ముఖం ఎర్రబడింది. ఎంత ఎర్రగా అంటే, పత్తికొండ మార్కెట్లో టమోటాలు సిగ్గుతో గంపల్లో దాక్కునేంత. గుండె బేతంచెర్లలో బండలు కోసే మిషన్‌లా మోగింది. తల పగులుతోంది. వాంతులైతే తుంగభద్ర గేట్లెత్తినట్లే.

పొద్దున శనక్కాయ విత్తనాలకు మొదలుకుళ్లు తెగులు రాకుండా థైరమ్ పొడి పట్టించాను. ప్యాకెట్ మీద గ్లవ్స్ బొమ్మ ఉంది. బొమ్మ బాగుందనుకున్నాను తప్ప, అది నాకే చెబుతోందనుకోలేదు. పట్టా మీద విత్తనాలు పోసి, మోచేతుల దాకా ముంచి, పెళ్లికి పులిహోర కలిపినట్లు కలిపాను. చేతులు పంచెకు తుడుచుకుని, పక్క చేను ఈరన్నతో కూర్చుని రెండు గ్లాసుల కల్లు తాగాను. కల్లు మానేశానని మా ఆవిడ సుబ్బమ్మకు ఒట్టేసి అప్పటికి ఏడాది. పిచ్చిది, నమ్మి ఊరంతా చెప్పుకుంది.

"ఏమైందయ్యా నీకు? మొగం అట్ల ఉండాదేంది!" అని ఆటో పిలిచింది. కర్నూలు ఆసుపత్రి దాకా నా తల ఒళ్లో పెట్టుకుని, తెలిసిన దేవుళ్లందరినీ పిలిచింది. తెలియని వాళ్లను కూడా పిలిచిందని నా అనుమానం.

"బీపీ బాగా పడిపోయింది. సెలైన్ పెట్టండి, ఈసీజీ తీయండి" అంది డాక్టరమ్మ. పొద్దున ఏం పని చేశారని అడిగితే, సుబ్బమ్మ సంచిలోంచి ప్యాకెట్ తీసి ఇచ్చింది. అది చదవగానే డాక్టరమ్మ నర్సుతో నా బట్టలు మార్పించి, ఒళ్లు సబ్బుతో కడిగించింది.

"ఆల్కహాల్ తీసుకున్నారా?"

నేను ఫ్యాను వైపు చూశాను.

"ఆయప్ప ముట్టడు మేడం. మానేసి యాడాదైంది" అంది సుబ్బమ్మ గర్వంగా.

"నిజం తెలియకపోతే గుండెజబ్బనుకుని వైద్యం చేయాల్సి వస్తుంది."

ఒకవైపు యముడు, ఒకవైపు సుబ్బమ్మ. యముడే నయమనిపించాడు. కానీ ఆమె చల్లబడిన నా పాదాలను రెండు చేతులతో రుద్దుతోంది. ఆ చేతులను చూశాక అబద్ధం గొంతు దాటలేదు.

"రెండు గ్లాసులు... కల్లు."

"అనుకున్నాను. థైరమ్ ఒంట్లోకి పోయాక ఆల్కహాల్ పడితే ఇదే రియాక్షన్. తాగుడు మాన్పించడానికి మేమిచ్చే మాత్రకు ఇది దగ్గరి చుట్టం."

సుబ్బమ్మ నా పాదాలు వదిలేసింది. తర్వాత అంది: "ఆ ప్యాకెట్లో ఇంకా సగం ఉండాది మేడం. వారానికోసారి ఈయప్ప ఒంటికి పూస్తా."

"అమ్మా, అది విషం!" డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది.

మర్నాడు ఇంటికొచ్చాం. మూడోరోజు, నాకు అరగడం లేదని సుబ్బమ్మ ప్రేమగా రెండు చెంచాల ఆయుర్వేద అరిష్టం పోసింది. పావుగంటకు ముఖం మళ్లీ ఎర్రబడింది.

"మళ్లీ తాగితివా!"

"మంచం దిగితే కదే తాగేది!"

భయపడి డాక్టరమ్మకు ఫోన్ చేసింది. "అరిష్టంలోనూ ఆల్కహాల్ ఉంటుందమ్మా. థైరమ్ ప్రభావం ఒంట్లో ఇంకా పోలేదు. వెంటనే తీసుకురండి" అంది ఆమె. ఆ సాయంత్రమంతా మళ్లీ సెలైన్. ఈసారి తాగబోసింది ఎవరని అడిగాను. ఏడుస్తూనే నవ్వింది. "సరిపాయ లేప్పా, నీదొకటి నాదొకటి" అంది. ఏడాది ఒట్టు తప్పిన నేరం అక్కడితో మాఫీ.

ఇప్పుడు నేను కులాసా. విత్తనాలను మూతున్న డ్రమ్ములో పోసి దొర్లిస్తాం. గ్లవ్స్, మాస్కు, ఆపైన సబ్బు స్నానం. ఆమె తనిఖీ చేశాకే అన్నం. కల్లు ఈసారి నిజంగానే మానేశాను. ఈరన్న ఒంటరివాడయ్యాడు.

మీకు చెప్పేది ఒక్కటే. పొలం మందులతో పని చేసిన రోజు ఒంట్లో తేడా చేస్తే, చేత్తో ముట్టుకున్నదీ నోట్లో పోసుకున్నదీ రెండూ డాక్టరుకు చెప్పండి. పక్కన భార్య ఉంటే ఇంకాస్త గట్టిగా చెప్పండి. బతికి ఇంటికెళ్లాక తిట్లు తినడానికి బోలెడంత టైముంటుంది.